వీపు చూపే ఊరు

కెట్లర్‌లో ఎవరైనా ఆటగాడు టీమ్ వదిలి వెళ్ళిపోతే “ఎండకు పోయాడు” అంటారు. వెళ్ళిన ఊళ్ళో నిజంగా ఎండ కాయాలనేమీ లేదు. ఏడాది పొడుగునా ముసురు పట్టే ఊరికి పోయినా ఎండకు పోయినట్టే. సరస్సు మీంచి కోసుకుంటూ వచ్చే గాలిలో సగం బతుకు గడిపే జనానికి మిగతా ప్రపంచమంతా ఎండగానే కనిపిస్తుంది మరి.

ఆ ఎండ మీదికి ఆటగాళ్ళ మనసు పోకుండా చూడటం కార్లిస్ హేవుడ్ ఉద్యోగం. డాకర్స్ బాస్కెట్‌బాల్ టీమ్ ఆఫీసులో ఆమె గది తలుపు మీద ‘కుటుంబ సేవలు’ అని మర్యాదగా రాసి ఉంటుంది గాని, చేసేది మాత్రం బతిమాలుడే. కొత్తవాడు వస్తే ఇల్లు చూడాలి. పిల్లలకు బడి చూడాలి. నల్లవాళ్ళ జుట్టు కత్తిరించడం తెలిసిన బార్బర్‌ను రెండు గంటల దూరం నుంచి రప్పించాలి. తల్లి వచ్చి, బెండకాయలూ రొయ్యలూ వేసిన గంబో ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందమ్మా అని అడిగితే, ఎక్కడా దొరకదని చెప్పలేక తనే వండి పట్టుకెళ్ళాలి. ఇంత చేసినా పేరున్న ఆటగాడు ఒక్కడూ తనంతట తాను కెట్లర్‌కు వచ్చిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళు కుర్రతనంలో, కొత్త ఆటగాళ్ళను పంచడానికి లీగు వేసే లాటరీలో తగిలి వచ్చినవాళ్ళు, లేదా వేరే టీమ్ మారకంలో పంపితే వచ్చినవాళ్ళు. రెక్కలు రాగానే ఎండకు పోయేవారు. అటక మీద వాళ్ళ పెట్టెలు విప్పకుండానే ఉండేవి.

కెండ్రెల్ బాయ్‌కిన్ కూడా జనవరిలో మారకం మీద వచ్చినవాడే. ఇద్దరు ఆటగాళ్ళను ఇచ్చి డాకర్స్ వాళ్ళు అతన్ని తెచ్చుకున్నారు. నీకిష్టమేనా అని అతన్ని ఎవరూ అడగలేదు. లీగు మొత్తంలో అతనంతటి ఆటగాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. వేసవిలో అతని కాంట్రాక్టు తీరిపోతుంది. ఆ తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అందరూ పిలుస్తారు కూడా. పోతాడని ఊరంతా తీర్మానించేసింది. కార్లిస్ ఒక్కతే ఆశ వదల్లేదు. ఎందుకంటే ఆ కుర్రాడు వచ్చిన రెండో వారంలోనే పెట్టెలు విప్పాడు. మంచు ఎత్తే పార కొనుక్కుని, తన గుమ్మం ముందే కాక పక్కింటి ముసలాయన గుమ్మం ముందు కూడా ఎత్తిపోశాడు. అలా ఎత్తిపోసినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు. ఒక్కడు, ఒకే ఒక్కడు తన ఇష్టంతో ఈ ఊళ్ళో ఉండిపోతే చాలు, తన ఇన్నేళ్ళ చాకిరీకి అర్థం ఉన్నట్టే అనుకుంది. ఆ ఒక్కడు ఇతనేనని మనసులో గట్టిగా పట్టుకుంది.

సోమవారం పొద్దున హీటర్ బాగుచేసేవాణ్ణి వెంటబెట్టుకుని కెండ్రెల్ ఇంటికి వెళ్ళింది. అతను వంటింట్లో గుడ్లు వేయిస్తున్నాడు. ఆ పొడుగు మనిషికి ఆ పొయ్యి బొమ్మరిల్లు పొయ్యిలా ఉంది.

“అడిగెయ్యండి మిస్ కార్లిస్. వచ్చిన దగ్గర్నుంచీ ఏదో మింగలేక కక్కలేక చూస్తున్నారు,” అన్నాడు.

“సరే, అడిగేస్తున్నా. వేసవిలో ఉంటావా, పోతావా?”

కెండ్రెల్ నవ్వాడు. “మా ఏజెంటుని అడిగితే చలి అంటాడు. ప్రకటనలకి డబ్బులిచ్చే బూట్ల కంపెనీవాళ్ళని అడిగితే ఆ ఊరి ఆటలు టీవీలో ఎవడు చూస్తాడు అంటారు. మా అమ్మనడిగితే, ఒరే అక్కడ మన నల్లవాళ్ళు ఎంతమంది, లెక్కపెట్టడానికి చేతివేళ్ళు సరిపోతాయా అంటుంది.”

“కాలివేళ్ళు కూడా కావాలని చెప్పు. మా ఇంట్లోనే తొమ్మండుగురం ఉన్నాం,” అంది కార్లిస్. ఆమె తాత ఇనుప ఖనిజం రేవులో కూలికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాడు. “వాళ్ళ సంగతి సరే. నిన్నడిగితే ఏమంటావు?”

అతను పొయ్యి కట్టేసి, ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. తెర మీద రేవు. ఇనుప పీపాలో మంట. చుట్టూ జనం. మంటలోకి చొక్కాలు విసురుతున్నారు, ఏడో నంబరు చొక్కాలు. ఆ తర్వాత ఇంకో దృశ్యం. ఆట జరిగే హాలు, కిక్కిరిసిన జనం. మైకులో, టీమ్ వదిలిపోయిన రోడ్రిక్ పెల్ పేరు వినపడగానే హాలంతా లేచి నిలబడి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి, ఆటగాళ్ళకు వీపులు చూపించింది.

కార్లిస్‌కు అది చూడక్కర్లేదు. ఆ వీపుల్లో ఆమె వీపు కూడా ఉంది.

“లీగులో ఈ వీడియో లేని ఫోను లేదండీ,” అన్నాడు కెండ్రెల్. “కెట్లర్ పేరెత్తితే చాలు, ఎవడో ఒకడు ఇది తీసి చూపిస్తాడు. పెద్ద ఊళ్ళల్లో టీమ్ మారితే రెండు రోజులు తిడతారు, మూడో రోజుకి ఇంకోడొస్తాడు, మర్చిపోతారు. ఇక్కడలా కాదు. పెళ్ళిపీటల మీంచి లేచిపోయినట్టు చూస్తారు. చలికేముంది, కోటేసుకుంటే పోతుంది. నాకు రావడానికి భయం లేదు మిస్ కార్లిస్. ఉండటానికీ భయం లేదు. పోవడానికే భయం.”

“ఇంకా సంతకమే పెట్టలేదు, అప్పుడే పోవడం గురించా?”

“మరి? నాలుగేళ్ళకి సంతకం పెడతాననుకోండి. తర్వాత మా అమ్మకి ఒంట్లో బాగుండదు. లేదంటే నాకే మనసు మారుతుంది. మారకూడదా? అప్పుడు నా చొక్కా కూడా పీపాలోకేనా? పోవడానికి దారి లేని ఊళ్ళోకి ఎవడొస్తాడు చెప్పండి.”

 అతను ప్లేటులో గుడ్లు వేసి ఆమె ముందుకు తోశాడు.

“శుక్రవారం పెల్ వాళ్ళ టీమ్ వస్తోందిగా. టీవీలో చూడటం వేరు, హాల్లో ఉండి చూడటం వేరు. ఆయనకి ఏం చేస్తారో రేపు నాకూ అదే చేస్తారు. చూసి చెప్తాను, ఉంటానో పోతానో.”

రోడ్రిక్ పెల్ పంతొమ్మిదేళ్ళ వయసులో కెట్లర్ వచ్చాడు. అప్పటికి వాడికి బట్టలు మడతపెట్టడం కూడా రాదు. ఆరేళ్ళు ఇక్కడ ఆడాడు. ఆ ఆరేళ్ళూ ఆట లేని సాయంత్రాల్లో కార్లిస్ వంటింట్లోనే వాడి కాపురం. బల్ల కింద కాళ్ళు పట్టక పక్కకు చాపుకుని, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ తినేవాడు. తల్లి పోయినప్పుడు వాడి సొంతూరు మెంఫిస్‌లో శవపేటిక పక్కన వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది కార్లిసే. అలాంటివాడు ఒక జులై పొద్దున ఎండకు పోయాడు. ఆ కబురు ఆమెకు కారు రేడియోలో తెలిసింది. అదైనా మింగేదే, కానీ వాడు అక్కడితో ఆగలేదు. కొత్త ఊళ్ళో విలేకరుల ముందు కూర్చుని, కెట్లర్ ఎలా ఉండేదని అడిగితే, “సాయంత్రం ఆరు దాటితే అక్కడ గాలి తప్ప ఇంకేం ఉండదు” అన్నాడు. విలేకరులందరూ పగలబడి నవ్వారు.

ఆ ఆరు దాటిన సాయంత్రాలు ఎవరింట్లో గడిచాయో వాడికి గుర్తు రాలేదా? కార్లిస్ ఆ మాట క్షమించలేకపోయింది. మొదటిసారి వాడు ప్రత్యర్థిగా వచ్చినప్పుడు, టీమ్ ఉద్యోగులు అలాంటివి చెయ్యకూడదని తెలిసి కూడా, లేచి వీపు తిప్పింది. ఎంత హాయిగా అనిపించిందో. ఆ తర్వాత ప్రతి ఏడాదీ తిప్పుతూనే ఉంది. ఇప్పుడు ఆ హాయికి మూల్యం కెండ్రెల్ రూపంలో చెల్లించాల్సి వస్తుందని తెలిసి ఒళ్ళు మండిపోయింది. మంట ఎవరి మీద చూపించాలో తెలియక నేరుగా హబ్ లిండ్‌క్విస్ట్ చేపల కొట్టుకు వెళ్ళింది.

వీపు తిప్పే ఆచారం పెట్టింది హబ్. రేవులో పీపా తెచ్చిందీ, అగ్గిపుల్ల గీసిందీ అతనే. ఎదుటి టీమ్ కూర్చునే బెంచీ వెనక వరసలన్నీ అతని రాజ్యం. అతను లేస్తే హాలు లేస్తుంది, అతను కూర్చుంటే కూర్చుంటుంది. కార్లిస్‌తో కలిసి బళ్ళో చదువుకున్నవాడు. కొట్టు ముందు బోర్డు మీద ‘రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది. గాలి ఉచితం’ అని రాయించాడు.

“ఒరే హబ్, శుక్రవారం వీపులు తిప్పొద్దని మీ వాళ్ళకి చెప్పు,” అంది కార్లిస్, కోటు కూడా విప్పకుండా.

హబ్ నూనెలోంచి చేప ముక్కలు తీస్తూ ఆమెను ఎగాదిగా చూశాడు. “ఏమే కార్లీ, జ్వరం గానీ వచ్చిందా?”

“వెటకారాలొద్దు. కెండ్రెల్ చూస్తాడు. చూసి పోతాడు. పెల్‌కి చేసింది తనకీ చేస్తారని భయపడుతున్నాడు.”

“భయపడమను. భయముంటే పోడుగా.”

“భయముంటే రాడురా బండవెధవా! ఇన్నేళ్ళలో ఒక్కడు తనంతట తాను రాలేదు, ఎందుకనుకున్నావ్? చలి వల్ల కాదు. నీ పీపా వల్ల!”

కొట్టులో తింటున్నవాళ్ళు ముళ్ళు తీయడం ఆపి చూశారు. హబ్ మొహం ఎర్రబడింది. చిల్లుల గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, బల్ల మీదికి వంగాడు.

“విను. వాళ్ళకి సముద్రం ఉంది. టీవీ వాళ్ళదే. డబ్బున్నోళ్ళు, సినిమావాళ్ళు ముందు వరసల్లో కూర్చుంటారు. మనకేముందే? ఒకడొచ్చి ఆరేళ్ళు మనింట్లో పిల్లాడిలా తిరిగి, పోతూ పోతూ మొహాన ఉమ్మేసి పోతే, మనం ఏం చెయ్యగలం? మనకున్నది ఈ వీపొక్కటే. అదీ తిప్పొద్దంటే ఎలా?”

“కుర్రాడు నిలబడాలని లేదా నీకు?”

“ఉంది. నీ కంటే ఎక్కువే ఉంది. కానీ వాడి కోసమని మనం ఇష్టం లేని చప్పట్లు కొట్టి, పళ్ళికిలించి, అబ్బాయ్ చూడు మేమెంత మంచివాళ్ళమో అని నటించాలా? నటనకి నిలబడేవాడు ఎన్నాళ్ళు నిలబడతాడే? వీపు తిప్పుతాం. అంతే.”

“పెల్ చొక్కా కాల్చి ఏం బావుకున్నావు నువ్వు?”

“కాల్చాను. మళ్ళీ అయినా కాలుస్తాను!” అన్నాడు హబ్ గట్టిగా.

“కాల్చాడట, మహా,” అంది లోపల్నుంచి అతని భార్య మార్గిట్. ఆ తర్వాత మూకుడు కింద పెట్టిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. హబ్ తల తిప్పుకుని మళ్ళీ నూనె దగ్గరికి పోయాడు. కార్లిస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తలుపు ధడాలున వేసి బయటికి వచ్చింది. గాలి మొహం మీద కొట్టింది, ఉచితంగా.

శుక్రవారం సాయంత్రానికి మంచు సన్నగా మొదలైంది. కెట్లర్‌లో హాల్లోకి అడుగుపెట్టగానే జనం చేసే మొదటి పని కోటు విప్పి గుమ్మం దగ్గర గదిలో ఇవ్వడం. చలికాలంలో ఇక్కడి కోట్లు ఒళ్ళో పెట్టుకు కూర్చోదగ్గవి కావు, ఒక్కొక్కటి ఒక పరుపు. అందుకని ఆట రోజున ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. కార్లిస్ అటుగా వెళ్తూ అలవాటుగా తొంగి చూసి ఆగిపోయింది. కొక్కేలన్నీ ఖాళీ. కోట్లు తీసుకునే ఇంగ్రిడ్ గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

“ఏంటమ్మా, జనం రాలేదా?”

“వచ్చారు, హాలు నిండింది. ఎవరూ కోట్లివ్వడం లేదు. అడిగితే చలిగా ఉందంటున్నారు. లోపల హీటర్లు మండిపోతుంటే!”

 కోట్లు విప్పలేదంటే కూర్చునే ఉద్దేశం లేదన్నమాట. వీపు తిప్పడంతో సరిపెట్టకుండా, పెల్ పేరు చదవగానే అందరూ లేచి బయటికి నడుస్తారు. ఖాళీ హాల్లో ఆట. రేపు దేశమంతా ఆ వీడియో తిరుగుతుంది. కెండ్రెల్ తన కళ్ళతో చూస్తాడు.

ఆమె మెట్లెక్కి హబ్ వరస దగ్గరికి పరిగెత్తింది. హబ్ పెద్ద కోటు మెడ దాకా బిగించుకుని కూర్చున్నాడు. నుదుటి మీంచి చెమట ధారలు కడుతోంది. పక్కన మార్గిట్, ఆమె పక్కన రేవు పనివాళ్ళు, బడి పంతులమ్మలు, అందరూ కోట్లలోనే ఉడికిపోతున్నారు.

“ఏం చేయబోతున్నార్రా మీరు?”

“చలిగా ఉందే,” అన్నాడు హబ్ చెమట తుడుచుకుంటూ.

“లేచి వెళ్ళిపోదామనేగా మీ ప్లాను? అంత పని చెయ్యకండ్రా. నీకు దణ్ణం పెడతాను. నాకోసం ఇంతవరకు నిన్నేమీ అడగలేదు.”

హబ్ ఆమె వైపు చూడలేదు. “నీ పని నువ్వు చూసుకోవే కార్లీ. కిందికెళ్ళు. ఆట మొదలవుతుంది,” అన్నాడు. మార్గిట్ మాత్రం ఏదో చెప్పబోయి, మొగుడు మోచేత్తో పొడిస్తే ఆగిపోయింది.

కిందికి దిగి వస్తుంటే నడవాలో పెల్ ఎదురయ్యాడు. బాగా ఒళ్ళు చేశాడు, గడ్డంలో ఒకటో రెండో నెరిసిన వెంట్రుకలు. ఆమెను చూసి ఆగాడు. తినడానికి ఏమైనా పెట్టావా అని అడిగే పాత చూపు ఒక్క క్షణం కళ్ళల్లోకి వచ్చి, మళ్ళీ నేల మీదికి పోయింది. కార్లిస్ పక్కనుంచి నడిచిపోయింది. నాలుగడుగులు వేశాక, ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేదని తనను తనే తిట్టుకుంది.

సొరంగంలాంటి దారి చివర, మైదానంలోకి దిగే చోట డాకర్స్ ఆటగాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ముందు ఎదుటి టీమ్ పేర్లు చదువుతారు, తర్వాత వీళ్ళు పరిగెడతారు. కెండ్రెల్ అందరికంటే ముందున్నాడు. పక్కన కార్లిస్ వచ్చి నిలబడితే తల తిప్పలేదు.

“కోట్లు ఎవరూ విప్పలేదేం?” అన్నాడు మెల్లిగా.

“చలి,” అంది కార్లిస్.

మైకులో పేర్లు వస్తున్నాయి. ఒకటి, రెండు, నీరసంగా. చివరికి, “నంబర్ ఏడు. రోడ్రిక్ పెల్.”

కుర్చీలు ఒక్కసారిగా చప్పుడు చేశాయి. హాలు మొత్తం లేచింది. పెల్‌కు ఇది అలవాటే. నడుం మీద చేతులు పెట్టుకుని, మొహాన ఒక అరువు నవ్వు తగిలించుకుని, పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. జనం వెనక్కి తిరిగారు, ఎప్పటిలాగే, అందరూ, ఒక్కరూ మిగలకుండా. కార్లిస్ కళ్ళు మూసుకుంది.

బయటికి నడిచే అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. అది వినపడలేదు. బరువైన బట్టలు నేల మీద పడుతున్న మెత్తటి చప్పుడు ఒకటి వినపడింది, కప్పు మీంచి మంచు జారినట్టు.

కళ్ళు తెరిచింది. కోట్లన్నీ కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. ఆ కోట్ల కింద వేసుకొచ్చిన చొక్కాలు ఏడో నంబరువి. కింది వరస నుంచి కప్పును తాకే పై వరస దాకా, ఎటు చూసినా వీపులే, ప్రతి వీపు మీదా పెల్ అనే పేరే. వెలిసిపోయిన చొక్కాలు. ఉతికి ఉతికి అక్షరాలు పగిలిన చొక్కాలు. పెరిగిన ఒళ్ళకు పట్టక కుట్లు పిగిలిపోతున్న చొక్కాలు. అమ్మల చొక్కాల్లో మోకాళ్ళ దాకా మునిగిపోయిన పిల్లలు. పెట్టెల అడుగున, అటకల మీద, బీరువాల మూలల్లో ఇన్నేళ్ళుగా ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నవన్నీ ఆ వేళ బయటికొచ్చాయి. హబ్ చొక్కా అంచు జానెడు మేర కాలి నల్లగా ఉంది. మంటలో వేసి, మళ్ళీ చెయ్యి పెట్టి లాక్కున్నాడన్నమాట, సన్నాసి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ కూతలు పెట్టలేదు. వీపు తిప్పుతామన్నారు, తిప్పారు.

పెల్ ఇంకా పైకప్పే చూస్తున్నాడు. పక్కనున్నవాడు భుజం మీద తట్టి చూపిస్తే కళ్ళు దించాడు. దించినవాడు అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా, ఉన్నచోటే, చుట్టూ తిరిగాడు. ఎటు తిరిగినా తన పేరే. అంత మనిషీ చొక్కా మెడ పట్టుకుని మొహం మీదికి లాక్కుని, మైదానం మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని వెనక వరసల వాళ్ళకు కూడా తెలిసేలా భుజాలు ఎగిరిపడుతున్నాయి. కానీ చూడటానికి ఆ హాల్లో మొహం అటు తిప్పినవాడెవడూ లేడు.

కార్లిస్‌కు చూపు మసకబారింది. చెంపలు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. పక్కన కెండ్రెల్ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. డాకర్స్ పేర్లు చదవడం మొదలై, తన పేరు రెండుసార్లు పిలిచాక గాని అతను కదల్లేదు.

ఆ తర్వాత ఏమైందంటే, మామూలుగా అయ్యేదే అయింది. జనం ఇటు తిరిగి, కూర్చుని, పెల్ చేతికి మొదటిసారి బంతి రాగానే కప్పు ఎగిరిపోయేలా గేలి చేశారు. రెండోసారీ చేశారు. ఆట అయ్యేదాకా బంతి వాడిని తాకినప్పుడల్లా, వాడి పేరున్న చొక్కాలు వేసుకునే, వాడిని నానా మాటలూ అన్నారు. వాడు నవ్వుతూనే ఆడాడు. కెట్లర్‌లో వాడు అంత బాగా ఆడి చాలా ఏళ్ళైంది. చివరి క్షణంలో మూల నుంచి ఎగిరి వాడు వేసిన బంతితోనే డాకర్స్ ఓడిపోయారు.

“దొంగసచ్చినోడు!” అని అరిచాడు హబ్ నిలబడి. “ఆ మూల షాట్ నేర్చుకుంది ఇక్కడేగా! మన దగ్గరేగా!”

కార్లిస్ వెళ్ళి ఆ కాలిన చొక్కా పట్టుకుని గుంజింది. “నాకొక్కదానికే ఎందుకు చెప్పలేదురా?”

“నీకు చెప్తే ఆఫీసుకి తెలుస్తుంది. ఆఫీసుకి తెలిస్తే పెద్ద తెర మీద బొమ్మలేస్తారు, పాట పెడతారు, దాని కింద ఎవడో కార్ల కంపెనీవాడి పేరు వేస్తారు. ఇది మన సొంత గొడవే. మొన్న నువ్వెళ్ళాక ఈవిడ నన్ను కూర్చోనిస్తేగా!” అని భార్య వైపు చూపించాడు. “ఈ చొక్కా తెచ్చి నా మొహాన కొట్టింది. నలుగురికి ఫోన్ చేశాను. నేనొక్కణ్ణే దాచుకున్నాననుకున్నానే కార్లీ. అడిగిన ప్రతివాడూ కాసేపు నసిగి, నా దగ్గరా ఉందన్నాడు.”

జనం పలచబడ్డాక ఆమె నడవాలోకి వచ్చింది. పెల్ గోడకు ఆనుకుని ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. ఈసారి కార్లిస్ దాటిపోలేదు.

“తిన్నావా?” అంది.

“లేదు,” అన్నాడు వాడు.  “మిస్ కార్లిస్, ఆ రోజు గాలి అని అన్నాను చూడండి. వాళ్ళు నవ్వుతారని అన్నాను. నవ్వారు. ఆ నవ్వు వినగానే నాకు మీ వంటిల్లు గుర్తొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నా. ఒక రోజు ఆగితే రెండు రోజులైంది, తర్వాత ఏ మొహం పెట్టుకుని చెయ్యను?”

“ఉన్న మొహమే పెట్టుకుని చెయ్యాల్సింది. ఇంకోసారి అలాంటి మాటంటే వీపు కాదు, చీపురు చూపిస్తాను,” అంది కార్లిస్. వాడు వంగితే మెడ పట్టుకుని దగ్గరికి తీసుకుంది. “మీ బస్సు వెళ్ళేలోపు హబ్ కొట్టుకి పద. వాడు డబ్బులు తీసుకోడు గాని తిట్లు మాత్రం పెడతాడు, తిను.”

పెల్ కళ్ళు తుడుచుకుంటూ సంచీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. కార్లిస్ వెనక్కి తిరిగితే, డాకర్స్ గది గుమ్మం దగ్గర బెంచీ మీద కెండ్రెల్ కూర్చుని ఉన్నాడు, రెండు మోకాళ్ళ మీదా ఐసు సంచులు కట్టుకుని. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, అంతా విన్నాడు. ఓడిపోయి వచ్చినవాడి మొహంలా లేదు.

“ఆట మొత్తం వెతికాను మిస్ కార్లిస్,” అన్నాడు. “బంతి చూడాల్సినవాణ్ణి జనాన్ని చూశాను. అందుకే ఓడిపోయామేమో. నా పేరున్న చొక్కా ఒక్కటి కూడా కనపళ్ళేదు.”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు ఆమెకు. “లేదు నాయనా. పెల్ పోయాక ఈ ఊళ్ళో ఎవరూ పేరున్న చొక్కాలు కొనడం మానేశారు. వీపు మీద ఏమీ లేనివే కొంటారు. చెయ్యి కాల్చుకున్నవాళ్ళు, ఏం చేస్తాం.”

కెండ్రెల్ మోకాళ్ళ మీది ఐసు సంచులు అటూ ఇటూ కదుపుకున్నాడు. దూరంగా హాల్లో ఎవరో చీపుర్లతో ఊడుస్తున్నారు.  సోమవారం అడిగిన ప్రశ్న మళ్ళీ అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“అయితే కొనుక్కోమనండి,” అన్నాడు.

“ఏమిటీ?”

“నా పేరున్నవి. వేసవిలో సంతకం పెడుతున్నాను.” తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. “ఎప్పుడో ఒకప్పుడు నేనూ ఎండకు పోతానేమో మిస్ కార్లిస్, పోననను. కానీ మళ్ళీ వచ్చిన రోజున వీళ్ళు వీపు తిప్పితే, దాని మీద నా పేరుండాలి కదా.”

 కార్లిస్ బెంచీ మీద అతని పక్కన కూలబడి, జారిపోతున్న ఐసు సంచీని సరిగ్గా కట్టి, ఆ చల్లటి చెయ్యి అతని వీపు మీద వేసి చాలాసేపు అలాగే ఉంచింది.